జీర తీయని డబ్బా

హజీరా టౌన్‌షిప్, సూరత్
2 జూన్ 2020

శ్రీ బ్రహ్మచారి గారికి,

లక్ష్మీకాంత్ నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం, నా గిటారు క్షేమం. మూడోది మీ దగ్గరుంది, దాని క్షేమం కోసమే ఈ ఉత్తరం.

నన్ను గుర్తుపట్టారో లేదో. మార్చి పంతొమ్మిదిన ఉధ్నా స్టేషన్ ఎదురుసందులో మీ రిపేరు కొట్టుకు వచ్చి, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన ఇనప డబ్బా ఒకటి ఇచ్చాను. "రేడియోనా?" అన్నారు. "కాదండీ, గిటారుకు తగిలించే పెడల్, కాలితో నొక్కాలి" అన్నాను. "మంచిది, వచ్చే శుక్రవారం రాండ్రి" అన్నారు. ఆ శుక్రవారం రాకముందే దేశానికి తాళం పడింది.

ఫోన్ చేశాను. పదకొండుసార్లు. ప్రతిసారీ మీరు "ఎవలు? జర గట్టిగ" అన్నారు. నేను క్వార్టర్స్ అంతా అదిరేలా అరిచాను. మీరు "ఆఁ, మేం మంచిగనే ఉన్నం" అని పెట్టేశారు. పక్కింటివాళ్ళు వచ్చి నాకేమైనా అయిందా అని దూరం నుంచే అడిగి వెళ్ళారు. మీ షట్టర్ మీద "ఫోన్ల వినవడది, ఉత్తరం రాయుండ్రి" అని సుద్దతో రాసి ఉందని మా ఆఫీసు డ్రైవరు ముత్యం చెప్పాడు. అతనూ మీ డిండోలిలోనే ఉంటాడు, మీ ఇంటి చిరునామా అతనే ఇచ్చాడు. మా టౌన్‌షిప్ గేట్లు మూసేశారు. ముత్యం లోపలికి రాలేడు, నేను బయటికి రాలేను. పైగా సంసారం విషయం డ్రైవరు చేత చెప్పించలేను కదా.

అవును, సంసారం విషయమే. మా ఆవిడ పద్మిని మార్చి పదిహేనున కాకినాడ వెళ్ళింది, వాళ్ళక్క జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే. వెళ్తూ గుమ్మంలో నిలబడి, "ఆ జీరగొంతు డబ్బా ఈ ఇంట్లో ఉన్నంతకాలం నన్ను రమ్మనకండి" అంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఆ డబ్బాను తిట్టని రోజు లేదు. కానీ చేతిలో సంచి పట్టుకుని తిట్టడం మాత్రం అదే మొదలు. నాలుగు రోజులు ఆలోచించి మీ దగ్గరికి తెచ్చాను.

ఇప్పుడు మామూలు రైళ్ళు లేవు. ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. ఆవిడ వచ్చేలోపు ఆ డబ్బాలో జీర పోవాలి. డబ్బా ఉండాలి, జీర పోవాలి. నా కాపురం ప్రస్తుతం మీ స్క్రూడ్రైవర్ కొన మీద ఉందని గమనించగలరు.

మీ జవాబు కోసం గేటు దగ్గరే తిరుగుతూ,
లక్ష్మీకాంత్

తా.క.: దాన్ని ఎవరూ తొక్కకుండా చూడండి. తొక్కడానికే చేశారు, నిజమే. కానీ ముప్పై నాలుగేళ్ళుగా నేనొక్కణ్ణే తొక్కుతున్నాను.


డిండోలి, సూరత్
15 జూన్ 2020

పెద్దలు లక్ష్మీకాంత్ సార్‌కు,

బ్రహ్మచారి శనార్తులు. మేమిద్దరం పానంతోని ఉన్నం. మీ డబ్బ గుడ పానంతోనే ఉన్నది. మీ ఉత్తరం పన్నెండు దినాలకు ముట్టింది. హజీరా నుంచి నడుసుకుంట వచ్చినా పొద్దుగూకే వరకు డిండోలిల ఉండేది సార్.

ఫోన్ సంగతి మనసుల వెట్టుకోకుండ్రి. నేను సిరిసిల్ల దిక్కు మనిషిని. ఇర్వై రెండేండ్లు జోల్వాల, ఉధ్నల సాంచాల మీద జాబర్‌గ చేసిన. కరెంటు మగ్గాన్ని మేం సాంచా అంటం. అది ఖరాబైతె బాగు జేసేటోడు జాబర్. ఒక్క షెడ్డుల నూట ఇర్వై సాంచాలు ధన ధన కొట్టుకుంటుంటె నా చెవులు ఎన్నడు వొయినయో నాకే ఎర్కలేదు. ఆడ ఎవ్వలం సప్పుడుతోని మాట్లాడం. పెదిమెలు చూసి మాట పట్టుకుంటం. గట్లనే ఇన్నేండ్లు దునియా నడిచింది. గిప్పుడు గీ మాస్కులు వచ్చి నా నోట్ల మన్ను గొట్టినయ్. అందరి పెదిమెలు గుడ్డ ఎనుకకు వొయినయ్. కూరగాయల బండాయన ఏమంటున్నడో తెల్వక మొన్న కిలో మిరపకాయలు తెచ్చిన.

చెవులు లేనోడు మైకులు బాగు జేసుడేందని జనం నవ్వుతరు. నేను చేతితోని వింట సార్. స్పీకర్ మీద అరచెయ్యి వెడితె ఏడ గరగర ఉన్నదో తెలుస్తది.

కొట్టు బంద్ ఉన్నదని మీ డబ్బ ఇంటికి తెచ్చి ఇప్పి చూసిన. లోపట గాజు వాల్వు ఉన్నది, ఎనుకటి రేడియోలల్ల ఉండె అసొంటిది. కరెంటు ఇయ్యంగనె కుంపట్ల నిప్పు లెక్క ఎర్రగయింది. ముచ్చటేసింది సార్, ఊరికె చూసుకుంట కూసున్న. తర్వాత అరచెయ్యి వెట్టిన. దొరికింది తప్పు! గా వాల్వు మీదికి దాని వశం గానంత తోలుతున్నరు, అది మొత్తుకుంటున్నది. వాల్వు మార్చి, తోలుడు తగ్గిస్తె ఎన్మిది దినాలల్ల పాల లెక్క సాఫ్ అయితది. సాంచాల సప్పుడు జర తేడా వస్తె దాని సంగతి చూడందె బువ్వ తినేటోన్ని గాదు నేను. మీరు రంది వెట్టుకోకుండ్రి.

ఉంట సార్,
బ్రహ్మచారి

తా.క.: గిటారు నాతాన లేదు గదా, మైకు తగిలిచ్చి చూస్తున్న. మా ఇంటామె నర్సవ్వను మైకుల మాట్లాడుమని సైగ జేసిన. మొదలు చెయ్యి అడ్డం ఊపింది. గిప్పుడు ఆపుతలేదు.


హజీరా
3 జూలై 2020

బ్రహ్మచారి గారికి,

లక్ష్మీకాంత్ నమస్కారాలు. నేను ఆరోగ్యంగానే ఉన్నాను. చారు పెట్టడం నేర్చుకున్నాను, తాగడం ఇంకా నేర్చుకోవాలి.

మీ ఉత్తరంలో "దొరికింది తప్పు" అన్న మాట దగ్గర నాకు కళ్ళు తిరిగాయి. అయ్యా, అది తప్పు కాదు. ఆ తప్పు కోసమే ఆ డబ్బా పుట్టింది. కాస్త ఓపిగ్గా చదవండి.

పూర్వం గిటారు వాయించేవాళ్ళ యాంప్లిఫయర్లన్నీ వాల్వులతో నడిచేవే. జనం గోలలో వినబడాలని వాళ్ళు వాల్యూమ్ చివరిదాకా తిప్పేవారు. వాల్వు మోయలేక శబ్దం చీలిపోయేది. తయారుచేసిన ఇంజనీర్లు మీలాగే "లోపం, లోపం" అని దాన్ని పోగొట్టడానికి కిందామీదా పడ్డారు. వాయించేవాళ్ళేమో ఆ చీలిక మీదే మనసు పారేసుకున్నారు. చిక్కేమిటంటే, ఆ గొంతు రావాలంటే వీధంతా అదరాలి. డెబ్భైలు వెళ్ళి ఎనభైలు వస్తున్న రోజుల్లో, ఒకే ఒక్క వాల్వును కాలికింది డబ్బాలో బిగించడం మొదలైంది. అంతే! చిన్న గదిలో, చిన్న శబ్దంతోనే, ఆ పెద్ద గొంతు. తరవాత వాల్వు లేకుండా చిప్పులతో చేసినవి కుప్పలుగా వచ్చాయి. వాటిని నేనేమీ అనను. వాటితో నేను మాట్లాడను, అంతే.

తీగను మెల్లగా మీటితే అది మామూలుగా మాట్లాడుతుంది. వేలు కాస్త గట్టిగా పడిందా, గొంతు నిండుతుంది, ఏడుపు ఆపుకుంటున్న మనిషి మాటలాగా జీర వస్తుంది. తీగ మీంచి చెయ్యి తీసినా స్వరం వెంటనే పోదు. కాసేపు గదిలో ఉండి వెళ్తుంది.

1986లో విశాఖ హార్బర్‌లో ఓడ దిగిన ఒక నావికుడికి నా సైకిలూ చేతిగడియారమూ ఇచ్చి దాన్ని తెచ్చుకున్నాను. ఇంట్లో సైకిలు ఎవరో ఎత్తుకుపోయారని చెప్పాను. మా నాన్నగారు పోలీసు కంప్లయింటు ఇచ్చారు. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు.

కాబట్టి బ్రహ్మచారి గారూ, ఆ జీర తప్పు కాదు, దాని ప్రాణం. దయచేసి తీసేయండి.

నవ్వుకోకండి. సాయంత్రం ఆరయ్యేసరికి నా కాళ్ళు ఆ డబ్బా ఉండే మూలకు పోతున్నాయి. అక్కడ గచ్చు మీద నాలుగు రబ్బరు మచ్చలున్నాయి. అక్కణ్ణుంచి వంటింట్లోకి పోతాను. అక్కడ మచ్చలు కూడా లేవు, ఆవిడ అంత శుభ్రంగా తుడిచి వెళ్ళింది. రెండూ లేకుండా ఉండటం నా వల్ల కావడం లేదు. ఒక్కటే ఎంచుకోమంటే పద్మినే.

ఒక పని చేయండి. తీసేసిన పాత వాల్వును దూదిలో చుట్టి నేరుగా పద్మినికే పోస్టులో పంపండి. నేను చెప్తే నమ్మదు, కళ్ళతో చూస్తే నమ్ముతుంది. కాకినాడ చిరునామా ఈ కాగితం వెనక రాశాను.

మీ మీదే భారం వేసి,
లక్ష్మీకాంత్

తా.క.: మీ ఆవిడ మైకులో ఏం మాట్లాడారు? ఆ డబ్బా గుండా ఇంతవరకు మనిషి మాట వెళ్ళలేదు. పద్మిని దానితో చాలా మాట్లాడింది గానీ, అది ఎదురుగా నిలబడి.


డిండోలి
22 జూలై 2020

లక్ష్మీకాంత్ సార్‌కు,

బ్రహ్మచారి దండాలు. ఈడ మేం ఎట్లున్నమో గట్లనే ఉన్నం. గల్లీల సగం మంది రైలెక్కి ఊర్లకు వొయిండ్రు. మా ఇంటామెకు దవాఖానల ఊడ్చే పని ఉన్నది, గందుకె మేం కదల్లే. సాంచాలు గుడ సగం బంద్. గా మోత లేక ఈడ ఎవ్వలకు నిద్ర వడతలేదు సార్.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. ఒక పుటల "గది దాని పానం" అని రాసిండ్రు, దాని కిందనె "తీసెయ్యి" అని రాసిండ్రు. ఖాతాల, అంటె సాంచాల కార్ఖానల, గుడ గిట్లనే అయితుండె. శేఠ్ వచ్చి "నడిపియ్యి" అంటడు, ఎన్కకు తిరిగి "బంద్ వెట్టు" అంటడు. గప్పుడు మేమేం జేస్తం? శేఠ్ మాట ఇడిసిపెట్టి, సాంచా ముంగట నిలవడి నడిపేటోన్ని అడుగుతం. దాని బాధ ఆయనకు ఎర్కుంటది గని శేఠ్‌కేం ఎర్క? ఇర్వై రెండేండ్లు గదే కాయిదా. నడిపేటోన్ని అడగక ఒక్క బోల్టు గుడ ఇప్పలే నేను.

మీ డబ్బ ముంగట నిలవడి బాధ వడ్డది పద్మినమ్మనే గదా, గందుకె ఆమెకు ఉత్తరం రాసిన. చిరునామా మీరే ఇస్తిరి. "అమ్మా, నేను డబ్బ బాగు జేసేటోన్ని. జీర మొత్తం తియ్యాల్నా, సగం ఉంచాల్నా? ఏ యాళ్ళకు ఎక్కువ బాధ వెడుతది? బాధ చెవుల్నా, తలకాయల్నా? వివరంగ రాయుండ్రి" అని అడిగిన. జవాబు రాంగనె పని మొదలువెడత.

కొత్త వాల్వు గుడ ఈడ దొరకదు, బొంబాయి నుంచి రావాలె. బొంబాయి బంద్ ఉన్నది. జర ఓపిక వట్టుండ్రి.

గింతే సంగతులు,
బ్రహ్మచారి

తా.క.: నర్సవ్వ మైకుల ఏం మాట్లాడిందని అడిగితిరి. వంకాయల సంగతి సార్. వేరేవి గుడ ఉన్నయ్ గని, గవి మా ఇంటి మాటలు.


హజీరా
10 ఆగస్టు 2020

బ్రహ్మచారికి,

ఈసారి "గారు" రాయలేదు, గమనించు. నమస్కారం కూడా మానేద్దామనుకున్నాను, మా అమ్మ నేర్పిన అలవాటు వల్ల పెడుతున్నాను. నమస్కారం.

ఎవరడిగారయ్యా నిన్ను మా ఆవిడకు ఉత్తరం రాయమని? వాల్వు పంపమంటే ప్రశ్నపత్రం పంపుతావా? బాధ చెవిలోనా తలలోనా అంటావా? డాక్టరువా నువ్వు?

మొన్న పద్మిని ఫోన్ చేసింది. "మీ మెకానిక్ ఉత్తరం రాశాడు" అంది. తరవాత ఏమీ అనలేదు. లైన్లో ఉన్నావా అని అడిగాను. "ఉన్నాను" అంది. పెట్టేసింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ తిట్టడం ఎరుగుదును, అలగడం ఎరుగుదును, ఏమీ అనకపోవడం నేనెరగను. నాకు భయంగా ఉంది. ఆవిడ ఇక రాదేమోనని భయంగా ఉంది. ఈ మాట ఇంకెవరికీ చెప్పుకోలేక, నాకు కోపం తెప్పించిన నీకే రాస్తున్నాను.

ఇక రెండో సంగతి. మా ముత్యం ఫోన్ చేశాడు. నిన్న సాయంత్రం మీ గల్లీలో నడుస్తుంటే మీ రేకుల గదిలోంచి నా పెడల్ గొంతు వినిపించిందట! ముత్యం నా బండి తోలుతూ పదేళ్ళు ఆ గొంతు నేను వాయించి నింపిన క్యాసెట్లలో విన్నవాడు, పొరబడడు. ఆ గొంతులో ఒక ఆడమనిషి వంకాయల్లో పురుగుల గురించి చెబుతోందట. ఆ తరవాత ఇంకో ముసలావిడ గొంతట, ఏదో గొడుగు కావాలని! గుమ్మం బయట మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారట, దూరం దూరంగా, సున్నంతో గీసిన గుండ్రాల్లో.

ఏం నడుపుతున్నావయ్యా అక్కడ? నా పెడల్‌తో టికెట్టు ప్రదర్శనా? బొంబాయి వాల్వు కథంతా ఇందుకేనా? ఓడ దాటి, సముద్రం దాటి, మా నాన్న పెట్టిన పోలీసు కేసు కూడా దాటి వచ్చిన డబ్బా అది. వంకాయలకా?

మా గేట్లు తెరిచిన రోజున మొదట డిండోలికే వస్తాను. ఒంటరిగా రాను, కేసు పెట్టడానికి పోలీసును వెంటబెట్టుకుని వస్తాను.

కోపంతో,
లక్ష్మీకాంత్

తా.క.: ఇంతకీ ఆ ముసలావిడకు గొడుగు దొరికిందా? ముత్యం ఆ సంగతి కనుక్కోకుండా వచ్చేశాడు.


డిండోలి
26 ఆగస్టు 2020

లక్ష్మీకాంత్ సార్‌కు,

బ్రహ్మచారి కాళ్ళు మొక్కి రాస్తున్న. పోలీసులను తోలకుండ్రి. మీ డబ్బ గీ ఉత్తరంతోని పార్శిల్ చేసిన. పాత చీరెల చుట్టి, డబ్బకు డబ్బ వెట్టి కుట్టిన. ఏం తియ్యలే, ఏం వెయ్యలే. జీర ఎట్లున్నదో గట్లనే ఉన్నది.

అబద్ధమాడిన సార్. బొంబాయి వాల్వు లేదు, ఏం లేదు. గసొంటి వాల్వులు నా సొరుగుల రెండున్నయ్. ఒక్క గంట పని. గని చెయ్యి రాలే. ఎందుకో చెప్త, చదివినంక తిట్టుండ్రి.

మా నర్సవ్వ ఊడ్చేది కరోనా వార్డుల. ఇంటికొచ్చి తానం జేసి చీరె అవుతల కూసుంటది. మాకున్నది ఒక్కటే అర్ర, నడిమిట్ల చీరె కట్టింది. నాకు అంటుకుంటదని ఇంట్ల గుడ మాస్కు తియ్యది. మీ ఆమె కాకినాడల ఉన్నది. మా ఆమె నాలుగడుగుల అవుతల ఉన్నది, గని పెదిమెలు లేవు. ఏమంటున్నదో తెల్వది. నేను ఊరికె తలకాయ ఊపుత. రెండు నెలలు గట్లనే ఊపిన.

మీ డబ్బకు మైకు తగిలిచ్చిన నాడు, స్పీకర్ మీద చెయ్యి వెట్టి, చెవి గుడ దగ్గరికి వెట్టిన. సార్, మాట వినవడ్డది! సాఫుగున్న మాట నా చెవుల జారిపోతది. మైకుసెట్టుల ఎంత పెంచినా గల్లీ లేస్తది గని నాకు తెల్వది. గీ డబ్బల నుంచి వస్తె మాట మందమైతది, అంచులు లేస్తయి, సాంచా సప్పుడు లెక్క చెవిని వట్టుకుంటది. చిన్న గదిల పెద్ద గొంతు అని మీరు రాసింది గిదేనని మీ ఉత్తరం వచ్చినంక సమజయింది.

నేను విన్న మొదటి మాటేందో తెలుసా? "ఏమడిగినా తలకాయ ఊపుతవేందయ్యా! ఊరికి పోదామా అంటె ఊపితివి. వద్దా అంటె ఊపితివి. నేను సస్తె ఇంకో పెండ్లి చేస్కుంటవా అంటె గుడ ఊపితివి!"

తిట్టే సార్. గని గొంతు! పెదిమెలు చూస్తె మాట తెలుస్తది, గొంతు తెల్వది. పదేండ్లయింది ఆమె గొంతు విని. పెండ్లినాటి గొంతే, జర జీర వట్టింది. గది ఆమెదో, మీ డబ్బదో తెల్వది. చీరె ఇవుతల కూసుండి ఏడ్చిన. ఏమైందని అడిగింది. గది గుడ వినవడ్డది.

గప్పటి నుంచి రోజు పొద్దుగూకంగ ఆమె మాట్లాడుతది, నేను వింట. ఇగ వరసల నిలవడ్డోళ్ళు నా తోటి సాంచా మనుషులు. వాళ్ళ చెవులు గుడ నా చెవులే. ఫోన్‌ను మైకు ముంగట వెట్టి ఊర్ల ఉన్నోళ్ళ మాట వింటరు. పరుశురాం అని ఉన్నడు, ఆరేండ్ల నుంచి వాళ్ళమ్మ బుచ్చవ్వకు పండుగ పండుగకు చీరె పంపుతడు. ఆమె ఫోన్ల "చీరెలొద్దు బిడ్డా, గొడుగు పంపు" అని ఆరేండ్ల నుంచి మొత్తుకుంటున్నదంట. వీడు "సరేనమ్మా, ఎర్రది పంపుత" అనుకుంట వచ్చిండు. మొన్న గీ డబ్బల విని బిత్తరపోయిండు. గొడుగు పంపిండు సార్. ఎవ్వలతాన పైస తీసుకోలే, నర్సవ్వ మీద ఒట్టు.

గంతే నా తప్పు. పద్మినమ్మ నాకు జవాబు రాసింది. మీకు చెప్పాల్నా వద్దా అని మస్తు పరేశాన్ అయిన. నడిపేటోని మాట శేఠ్‌కు చేరాలె గదా అని గా ఉత్తరం డబ్బ కింద వెట్టిన. చూసుకోండ్రి.

మాఫ్ చెయ్యాలె,
బ్రహ్మచారి

తా.క.: డబ్బ వాపస్ ఇయ్యాలని చెప్పింది నర్సవ్వనే. "ఎవలిదో సొమ్ము ఇంకెన్నాళ్ళు వెట్టుకుంటవ్" అని ఆఖరుసారి గా మైకులనె తిట్టింది. మంచిగ వినవడ్డది.


హజీరా
14 సెప్టెంబరు 2020

బ్రహ్మచారి గారికి,

"గారు" తిరిగి వచ్చింది. ఇకపై పోదు. లక్ష్మీకాంత్ నమస్కారాలు, మీకూ, నర్సవ్వ గారికీ.

పార్శిల్ చేరింది. డబ్బా కింద పద్మిని ఉత్తరం దొరికింది. ఆవిడ మీకు రాసింది మీరు చదివారు, నేనూ చదివాను. అయినా నా చేత్తో ఒకసారి రాయాలనిపిస్తోంది, అప్పుడైనా బుర్రకెక్కుతుందని.

"బ్రహ్మచారి గారికి నమస్కారం. జీర సగం తీయాలా, మొత్తం తీయాలా అని ముప్పై ఏళ్ళలో నన్నొకరు అడగడం ఇదే మొదటిసారి. ఏమీ తీయకండి. విశాఖలో మా పక్కమేడ మీద ఆయన వాయిస్తుంటే ఆ జీర విని పెళ్ళికి ఒప్పుకున్నదాన్ని. అప్పుడు నేను వింటున్నానని వాయించేవారు. ఇప్పుడు నేను పిలిచినా వినరు. మా అక్క పడిపోయిందని ఫోన్ వచ్చిన రోజు వంటింట్లోంచి మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి పిలవకుండా సంచి సర్దుకున్నాను. మనిషిని తిట్టలేక డబ్బాను తిట్టాను. బాగు చేయాల్సిన వస్తువు మీ కొట్టుకు రాలేదండీ, హజీరాలోనే ఉంది."

చెవులు పోయిన మీరు మీ ఆవిడ గొంతు కోసం నాతో రెండు నెలలు అబద్ధమాడారు. రెండు చెవులూ బాగున్న నేను ముప్పై ఏళ్ళు ఆ గొంతును వంటింట్లో వదిలేశాను. సిగ్గేసింది, బ్రహ్మచారి గారూ. మీ మీద కేసు పెడతానన్నందుకు ఇంకా సిగ్గేసింది.

ఫోన్ చేశాను. "చెప్పు పద్మినీ" అని ఊరుకున్నాను. గంటా పది నిమిషాలు చెప్పింది. వాళ్ళక్క చేతికర్ర, డాబా మీద ఆరబెట్టిన బట్టలు, పక్కింటి పిల్లి. వంకాయలు కూడా వచ్చాయి, నిజం. నేను "ఊఁ" తప్ప ఏమీ అనలేదు. మధ్యలో నాలుగుసార్లు "ఉన్నారా?" అని అడిగింది.

చివర్లో "వాయించండి" అంది. పెడల్ తగిలించి, ఫోన్ బల్ల మీద పెట్టి వాయించాను. ఆ స్వరం ఇంకా గదిలో ఉండగానే అవతలి నుంచి "ఏమండీ" అంది, మామూలుగానే, గట్టిగా కూడా కాదు. తీగ మీద అరచెయ్యి పెట్టి ఆపేశాను. "ఏంటి?" అన్నాను. "ఏం లేదు, పిలిచానంతే" అంది. ఆవిడ గొంతులో జీర ఉంది. ఇది డబ్బాది కాదు, అక్కడ డబ్బా లేదు.

గేట్లు తెరిచారు. ఈ ఉత్తరమూ పెడలూ ముత్యం చేత పంపుతున్నాను. మీ నర్సవ్వ గారు మాస్కు తీసేదాకా, ఆ చీర తొలగించేదాకా అది మీ దగ్గరే ఉండాలి. పరుశురాంకీ మిగతావాళ్ళకీ కూడా వినిపించండి. జీర తీస్తే మాత్రం ఊరుకోను. మూలన ఉన్న నాలుగు రబ్బరు మచ్చలు నాకు చాలు, సాయంత్రం ఆరింటికి వాటి దగ్గర కుర్చీ వేసుకుని ఫోన్ పట్టుకుని కూర్చుంటాను.

రైళ్ళు కొన్ని మొదలయ్యాయి. పద్మిని టికెట్టు తీసిన రోజు వెయిటింగ్ లిస్టులో నలభై రెండు. రోజూ పొద్దున్నే చూస్తున్నాను. నిన్న నలభై ఒకటి అయింది.

మీ మేలు మరవని,
లక్ష్మీకాంత్

తా.క.: మీ సొరుగులో రెండు వాల్వులున్నాయి కదా, వాటితో మా ఇంటికి కూడా చెవి వినబడే డబ్బా ఒకటి చేసి పెడతారేమో అడగమంది పద్మిని. అక్కర్లేదు, నాకిప్పుడు బాగానే వినబడుతోంది అన్నాను. "వచ్చాక వంటింట్లోంచి పిలిచి చూస్తాను" అంది.